ఏడాదికి ఒక డాలరు అద్దె: ఫారిబో విచారణ బడి, అమెరికా చిన్న పట్టణాల కతోలిక హైస్కూళ్ళ చరిత్ర

1891వ సంవత్సరము ఆగస్టు నెలలో, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో ఫారిబో అనే చిన్న పట్టణములో ఒక విచారణ గురువు తన విచారణ బడిని ఆ ఊరి పాఠశాల బోర్డుకు అప్పగించారు. ఆయన పేరు జేమ్స్ కాన్రీ. భవనమునకు బోర్డు చెల్లించవలసిన అద్దె ఏడాదికి ఒక డాలరు. అంతవరకు పాఠాలు చెబుతున్న దొమినికన్ కన్యస్త్రీలు అదే బడిలో, అదే మఠ వస్త్రములతో పాఠాలు చెబుతారు. అయితే ఇకమీదట వారికి జీతమిచ్చేది బోర్డు. గోడల మీది సిలువ స్వరూపములు, పటములు తీసివేశారు. సత్యోపదేశము బడి గంటల తరువాతికి జరిగింది. ఏర్పాటు ఇంతే. దీని మీద అమెరికా పీఠాధిపతులు రెండు పక్షాలై వాదులాడుకున్నారు. చివరకు రోము తీర్పు చెప్పవలసి వచ్చింది.

మేము ఈ విషయమును ఎన్నుకోవడానికి ఒక కారణమున్నది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విద్యా చట్టమును సవరించి, ఎయిడెడ్ పాఠశాలల, కళాశాలల యాజమాన్యాల ముందు ఒక ప్రశ్న పెట్టింది: ఆస్తులతో సహా ప్రభుత్వములో కలుపుతారా, లేక ఎయిడెడ్ సిబ్బందిని అప్పగించి సొంత ఖర్చుతో నడుపుకుంటారా? ఆందోళనలు జరిగిన తరువాత, అదే ఏడాది నవంబరులో, ఇష్టమున్నవారు పాత పద్ధతిలోనే కొనసాగవచ్చునని కూడా చెప్పింది. ఆ నెలలలో మన సంఘాల కమిటీలలో జరిగిన చర్చలు విన్నవారికి ఫారిబో కథ కొత్తగా అనిపించదు. నూటముప్పై ఏళ్ళ క్రితము, ప్రపంచమునకు ఆ చివర, అవే మాటలు మాట్లాడుకున్నారు. తేడా ఒక్కటే. ఇక్కడ ప్రశ్న వేసింది ప్రభుత్వము, అక్కడ తలుపు తట్టింది గురువు.

బైబిలు ఏది చదవాలి?

అమెరికాలో కతోలికులు వేరుగా బడులు ఎందుకు కట్టుకున్నారన్న ప్రశ్నకు చాలామంది వెంటనే ఇచ్చే జవాబు, వారికి ప్రభుత్వ బడులు లౌకికమైనవని భయము అన్నది. పందొమ్మిదవ శతాబ్దపు మధ్య భాగమునకు ఈ జవాబు సరిపోదు. అప్పటి ప్రభుత్వ బడులు లౌకికమైనవి కావు, ప్రొటెస్టెంటు బడులు. పొద్దున్నే కింగ్ జేమ్స్ తర్జుమా నుండి, వ్యాఖ్యానము లేకుండా, బైబిలు చదివేవారు. ఏ శాఖకూ చెందని పఠనమని ప్రొటెస్టెంటులు దానిని అనుకున్నారు. ఐర్లండు నుండి ఆకలితో ఓడలెక్కి వచ్చిన కతోలికునికి అది ఒక శాఖ పఠనమే. చరిత్ర పాఠ్యపుస్తకాలలో పోపును గురించి వ్రాసినది అతనికి మరింత బాధ కలిగించేది. ప్రొటెస్టెంటు పాఠకులు ఇక్కడ కొంచెము ఆగాలని మా మనవి. తటస్థమని మనము పిలిచే దానిలో మన సొంత అలవాటు ఎంత కలిసి ఉంటుందో, దానికి బయట ఉన్నవానికే ముందు తెలుస్తుంది.

న్యూయార్కులో జాన్ హ్యూస్ అనే పీఠాధిపతి 1840లో బడుల నిధిలో కతోలిక బడులకు వాటా అడిగారు. 1842లో వచ్చిన చట్టము ఆ వాటా ఇవ్వలేదు. శాఖాపరమైన బోధన చేసే బడికి ప్రజాధనము లేదన్నది. ఫిలడెల్ఫియాలో పీఠాధిపతి ఫ్రాన్సిస్ కెన్రిక్ అడిగింది ఇంకా చిన్నది. కతోలిక పిల్లలు తమ డూయే తర్జుమాను చదువుకోనివ్వండి అన్నారు. 1844 మే నెలలో ఆ నగరములో అల్లర్లు చెలరేగి, పునీత మిఖాయేలు, పునీత అగుస్తీను దేవాలయములు రెండూ కాలిపోయాయి. బైబిలు తర్జుమా మీద మొదలైన మాట దేవాలయముల బూడిదతో ముగిసినదంటే, వెనుక వలస కార్మికుల మీది కోపము, జీతాల పోటీ ఎంత ఉన్నవో ఊహించవచ్చును.

ఇటువంటి గాయముల మీద 1884 నవంబరు, డిసెంబరు నెలలలో బాల్టిమోరులో మూడవ జాతీయ సభ కూడింది. ప్రతి దేవాలయము పక్కన రెండేళ్ళలోపల ఒక విచారణ బడి లేవాలని, తల్లిదండ్రులు తమ బిడ్డలను దానికే పంపాలని శాసించింది. అశ్రద్ధ చేసిన గురువును ఆ స్థానము నుండి తొలగించవచ్చునని కూడా చెప్పింది. శాసనము వ్రాయడము సులువు. ఒక చిన్న పట్టణములో, రైల్వే కూలీలు, చిన్న రైతులు, పనిమనుషులు ఉన్న విచారణలో దానిని నెరవేర్చడము వేరు. ఆ కుటుంబము ప్రభుత్వ బడి కోసము పన్ను కట్టాలి, మళ్ళీ విచారణ బడి కోసము చందా కట్టాలి. ఫాదర్ కాన్రీ దగ్గరకు వచ్చిన చిక్కు సరిగా ఇదే.

ఊరు

ఫారిబో మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాలకు దక్షిణాన సుమారు 80 కిలోమీటర్ల దూరములో ఉన్నది. తోలు వర్తకము చేసిన అలెగ్జాండర్ ఫారిబో పేరు మీద ఏర్పడిన ఊరు. చిన్నదైనా అది బడుల ఊరు. ఎపిస్కోపల్ సంఘపు బిషప్ హెన్రీ విపుల్ అక్కడే ఉండి తమ సంఘపు పాఠశాలలను, సెమినరీని వృద్ధి చేశారు. చెవిటి పిల్లలకు, గుడ్డి పిల్లలకు రాష్ట్రము నడిపే పాఠశాలలు కూడా 1860లలో అక్కడే వెలిశాయి. 1865లో సిన్సినావా దొమినికన్ కన్యస్త్రీలు బెత్లెహేము అకాడెమీ అనే పాఠశాలను ప్రారంభించారు. ఈ సభను 1847లో విస్కాన్సిన్‌లో స్థాపించిన ఫాదర్ సామ్యూల్ మజ్జుకెల్లి ఇటలీ దేశస్థుడైన దొమినికన్ మిషనరీ. కతోలికులలో ఐరిష్, జర్మన్, ఫ్రెంచి వారికి వేర్వేరు విచారణలు. కాన్రీ గారిది ఐరిష్ వారి నిష్కళంక మాత విచారణ.

ఆంధ్ర పాఠకులకు ఆ రాష్ట్రముతో ఒక బంధుత్వమున్నది. 1842లో గుంటూరుకు వచ్చి, వచ్చిన వెంటనే బడులు పెట్టిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, 1857లో అమెరికా తిరిగి వెళ్ళి పనిచేసినది మిన్నెసోటాలోనే. 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడుకు ఆయన మొదటి అధ్యక్షులు. తరువాత వృద్ధాప్యములో 1869లో మళ్ళీ రాజమండ్రికి వచ్చారు. బెత్లెహేము అకాడెమీ మొదలయ్యే నాటికి, గుంటూరులో తెలుగు పిల్లలకు బడి పెట్టిన మనిషి అదే రాష్ట్రములో జర్మన్ వలసదారుల మధ్య సేవ చేస్తున్నారు.

ఫారిబో ఏర్పాటు కాన్రీ గారి సొంత కల్పన కాదు. న్యూయార్కు రాష్ట్రములోని పోకీప్సీలో 1873లోనే ఫాదర్ ప్యాట్రిక్ మెక్‌స్వీనీ ఇటువంటి ఒప్పందమే చేసుకున్నారు. అది పాతికేళ్ళు సాగి, కన్యస్త్రీల వస్త్రము దగ్గరే రాష్ట్ర విద్యాధికారి తీర్పుతో 1890ల చివర ఆగిపోయింది. పోకీప్సీ మీద లేవని గొడవ ఫారిబో మీద ఎందుకు లేచింది? దాని వెనుక ఉన్న మనిషి వలన.

అగ్రపీఠాధిపతి ఐర్లండ్

జాన్ ఐర్లండ్ 1838లో ఐర్లండు దేశములోని కిల్‌కెన్నీ జిల్లాలో పుట్టి, బాల్యములో వలస వచ్చి, ఫ్రాన్సులో గురువిద్య చదివి, అంతర్యుద్ధములో ఒక మిన్నెసోటా దళమునకు గురువుగా వెళ్ళి, 1888లో సెయింట్ పాల్‌కు మొదటి అగ్రపీఠాధిపతి అయ్యారు. అమెరికాను ఆయన ప్రేమించారు. కతోలికుడు అమెరికాలో పరదేశిగా ఉండకూడదన్నది ఆయన పట్టుదల. 1890 జూలైలో జాతీయ విద్యా సంఘము సెయింట్ పాల్‌లో సమావేశమైనప్పుడు ఆయన ప్రభుత్వ ఉచిత విద్యను మెచ్చుకున్నారు. విచారణ బడి అవసరము రాకపోతే బాగుండునన్న అర్థము వచ్చేలా మాట్లాడారు. ఆ బడులలో మతమునకు చోటు దొరికే ఏదైనా మార్గము వెదకాలన్నారు. సభలో ఉపాధ్యాయులు చప్పట్లు కొట్టారు. కతోలిక పత్రికలలో సగము కోపించాయి.

మరుసటి ఏడాది ఆగస్టులో ఫారిబోలోను, అక్టోబరులో స్టిల్‌వాటర్ పట్టణములోను ఆ మాటలకు రూపము వచ్చింది. అదే సమయములో వాషింగ్టన్ కతోలిక విశ్వవిద్యాలయములో నీతిశాస్త్ర ఆచార్యుడు తోమాస్ బుకియోన్ ఒక చిన్న పుస్తకము ప్రచురించారు. విద్య ఎవరి అధికారము క్రిందిది అన్నది దాని ప్రశ్న. తల్లిదండ్రులది, సంఘముది, రాజ్యముది కూడా అని ఆయన జవాబు. రాజ్యమునకు బోధించే హక్కు ఉన్నదని ఒక కతోలిక వేదాంతి వ్రాయడము కొందరికి పిడుగులా వినిపించింది. ముందు తల్లిదండ్రులది అని చెబుతూ యేసుసభ గురువు రెనే హొలాండ్ వెంటనే జవాబు వ్రాశారు. రోములో యేసుసభ వారి పత్రిక కూడా బుకియోన్‌కు వ్యతిరేకముగా దిగింది.

వ్యతిరేకుల భయము అకారణమైనది కాదని మా అభిప్రాయము. న్యూయార్కు అగ్రపీఠాధిపతి మైకేల్ కారిగన్, మిల్వాకీ అగ్రపీఠాధిపతి ఫ్రెడరిక్ కాట్జర్ మొదలైన వారు అడిగిన ప్రశ్న ఇది: ఈ ఏడాది బోర్డు సభ్యులు మంచివారు. వచ్చే ఏడాది ఎన్నికలలో వేరేవారు వస్తే? విచారణ కట్టిన బడి, విచారణ డబ్బుతో కొన్న బల్లలు, చేతిలో మిగిలేది ఏడాదికొకసారి తిరగవ్రాసుకోవలసిన కాగితము. జర్మన్ కతోలికులకు ఇంకొక భయము. విస్కాన్సిన్‌లో 1889లో వచ్చిన బెన్నెట్ చట్టము అన్ని బడులలో ప్రధాన పాఠ్యాంశాలు ఆంగ్లములోనే చెప్పాలన్నది. జర్మన్ కతోలికులు, జర్మన్ లూథరన్లు, తాతల నాటి నుండి ఒకరి నీడ ఒకరికి గిట్టనివారు, ఒక్కటై ఓటు వేసి ఆ గవర్నరును 1890లో ఓడించారు. 1891లో చట్టము రద్దయింది. వీరికి బడి అంటే మతము, భాష, ఊరు మూడూ కలిసిన వస్తువు. ఆంగ్లము మాట్లాడే ఐరిష్ పీఠాధిపతికి ఇందులో ఒక పాలు అర్థము కాలేదేమో.

ఐర్లండ్ గారు 1892 మొదట్లో రోముకు వెళ్ళి తమ వాదమును స్వయముగా వినిపించారు. ఏప్రిల్ నెలలో వేదవ్యాపక సభ తీర్పు ఇచ్చింది. బాల్టిమోరు శాసనములు దృఢముగా నిలుస్తాయని, అయినను పరిస్థితులన్నిటిని చూచినప్పుడు ఫారిబో, స్టిల్‌వాటర్ ఏర్పాటును సహింపవచ్చునని దాని సారాంశము. లాటిను మాటలు రెండే: తొలెరారి పొతెస్త్. ఐర్లండ్ పక్షము వారు గెలిచామన్నారు. కారిగన్ పక్షము వారు, సహించడమంటే మెచ్చడము కాదు కాబట్టి తామే గెలిచామన్నారు. అదే ఏడాది నవంబరులో పోపు ప్రతినిధిగా వచ్చిన అగ్రపీఠాధిపతి సతోల్లి పద్నాలుగు ప్రతిపాదనలు తెచ్చి అమెరికా అగ్రపీఠాధిపతుల ముందు ఉంచారు. బిడ్డలను ప్రభుత్వ బడికి పంపిన తల్లిదండ్రులకు సంస్కారములు నిరాకరించరాదన్నది వాటిలో ముఖ్యమైనది. 1893 మే 31న లియో XIII కార్డినల్ గిబ్బన్స్‌కు ఉత్తరము వ్రాసి రెంటిని సమర్థించారు: బాల్టిమోరు శాసనములు పాటించాలి, సతోల్లి మాట వాటికి విరుద్ధము కాదు.

వారు వాదించుకుంటుండగానే ఏర్పాటు రాలిపోయింది. స్టిల్‌వాటర్‌లో 1892లో, ఫారిబోలో 1893లో. పీఠాధిపతుల వాదము దానిని కూల్చలేదు. ఊరిలో ఉన్న ప్రొటెస్టెంటులకు తమ పన్నుతో మఠ వస్త్రములు ధరించినవారికి జీతమిస్తున్నారన్న అసంతృప్తి, కతోలికులకు తమ బడిలో సిలువ లేదన్న అసంతృప్తి, రెండూ సమానముగా పెరిగాయి. రోము సహించవచ్చునన్న దానిని ఊరు సహించలేదు.

ఈ తగాదాను గురించిన ఉత్తరాలు, పుస్తకాలు, పత్రికా వ్యాసాలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో అగ్రపీఠాధిపతుల గొంతు వినబడుతుంది, వేదాంతుల గొంతు వినబడుతుంది. పొద్దున ఎనిమిది గంటలకు తరగతి గది తలుపు తీసిన కన్యస్త్రీ గొంతు దాదాపు వినబడదు. చరిత్ర వ్రాసేవారు, మేముకూడా, ఈ లోటును గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తరువాత అరవై, డెబ్బై ఏళ్ళు ఈ బడులను నిలబెట్టినది ఆమెయే.

పై అంతస్తులో హైస్కూలు

బాల్టిమోరు సభ చూచినది ప్రాథమిక బడులను. హైస్కూలు అప్పటికి కొద్దిమందికే అందేది. ప్రభుత్వ హైస్కూలుకు పన్ను వసూలు చేయవచ్చునని మిషిగన్ సుప్రీము కోర్టు 1874లో కలమజూ వ్యాజ్యములో చెప్పిన తరువాతే ఆ బడులు ఊరూరా వ్యాపించాయి. కతోలికులకు అప్పటివరకు ఉన్నవి కన్యస్త్రీల అకాడెమీలు, మఠగురువుల కళాశాలల క్రింది తరగతులు. రెండూ ఎక్కువగా ఫీజు కట్టగలిగిన కుటుంబాలకే. 1890లో ఫిలడెల్ఫియాలో తోమాస్ కాహిల్ అనే వ్యాపారి వదిలిన ఆస్తితో ఉచిత హైస్కూలు తెరిచారు. మేత్రాసనమంతటికి ఉమ్మడిగా ఒక పెద్ద హైస్కూలు అన్న ఆలోచనకు అది నమూనా అయింది. 1904లో కతోలిక విద్యా సంఘము ఏర్పడినప్పటి నుండి ఫాదర్ జేమ్స్ బర్న్స్ వంటి వారు ఉమ్మడి హైస్కూళ్ళే మేలని వాదించారు.

నగరములో అది సాధ్యము. అయితే నాలుగు వేల జనమున్న ఊరిలో ఉమ్మడి చేయడానికి ఏమున్నది? అక్కడ జరిగినది వేరు. ప్రాథమిక బడి భవనములో పై అంతస్తులో ఒక గది ఖాళీగా ఉంటుంది. ఎనిమిదవ తరగతి పూర్తి చేసిన పిల్లలను ప్రభుత్వ హైస్కూలుకు పంపడము గురువుకు ఇష్టము లేదు. తొమ్మిదవ తరగతి ప్రారంభిస్తారు. మరుసటి ఏడాది పదవ తరగతి. టైపు, షార్ట్‌హ్యాండు, లెక్కల పద్దులు నేర్పే రెండేళ్ళ వాణిజ్య కోర్సు చాలాచోట్ల ముందు వచ్చింది, ఎందుకంటే తల్లిదండ్రులకు కావలసినది ఉద్యోగము. నాలుగేళ్ళు నిండిన తరువాత, ఆ పట్టాను రాష్ట్ర విశ్వవిద్యాలయము గుర్తించాలి. అక్కడ అసలు కష్టము మొదలయ్యేది. గుర్తింపు ఇచ్చేవారు ప్రయోగశాల అడుగుతారు, గ్రంథాలయములో పుస్తకాల లెక్క అడుగుతారు, ఉపాధ్యాయుల డిగ్రీలు అడుగుతారు.

డిగ్రీ లేని కన్యస్త్రీ ఏమి చేయాలి? ఏడాదంతా బోధించి, వేసవి సెలవులలో కళాశాలకు వెళ్ళి చదువుకొని, మళ్ళీ సెప్టెంబరుకు తిరిగి రావాలి. ఇలా ఒక బి.ఏ. పూర్తి కావడానికి పది, పదిహేను, ఒక్కొక్కసారి ఇరవై వేసవులు పట్టేవి. 1911లో వాషింగ్టన్‌లో తోమాస్ షీల్డ్స్ కన్యస్త్రీల కొరకు ప్రత్యేకముగా కళాశాల తెరిచినది ఈ అవసరము కొరకే. 1954లో ఏర్పడిన సిస్టర్ ఫార్మేషన్ కాన్ఫరెన్స్, బోధనకు పంపకముందే వారి చదువు పూర్తి చేయాలని గట్టిగా అడిగింది. అప్పటికే రెండు తరములు గడిచిపోయాయి. ఆమె జీతము ఇతర ఉపాధ్యాయుల జీతములో చిన్న భాగము, అదీ మఠమునకు చేరేది. విచారణ హైస్కూలు చౌకగా నడిచినదని పాత నివేదికలు గర్వముగా చెబుతాయి. చౌక కాదు. ఖర్చును ఒకరు మౌనముగా భరించారు. మన దేశములోనూ మిషను బడుల చరిత్ర వ్రాసేటప్పుడు భవనముల ఫోటోల పక్కన వంటమనిషి, హాస్టలు వార్డెను, జీతము సగమే తీసుకున్న పంతులమ్మ పేర్లు కనబడవు.

ఇక ఊరికి ఆ బడి ఏమైనది? విచారణ చుట్టూ ఒక ప్రపంచమైనది. దేవాలయపు నేలమాళిగలో విందులు, చందాల కోసము అమ్మకాలు, బృందగానము, ఆటలు. కొన్ని రాష్ట్రాలలో ప్రభుత్వ బడుల పోటీలలో కతోలిక బడులకు ప్రవేశము లేదు. 1924 నుండి 1941 వరకు చికాగో లయోలా విశ్వవిద్యాలయము కతోలిక హైస్కూళ్ళకు జాతీయ బాస్కెట్‌బాల్ పోటీ నడిపింది. ఆటల విషయము పరిశోధన పత్రికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చును. తండ్రి కర్మాగారములో పనిచేసే కుర్రవానికి ఊరిలో తలెత్తుకొని తిరిగే ధైర్యము సత్యోపదేశము కన్నా ముందు అక్కడ దొరికినదని మా నమ్మకము.

హక్కు నిలిచింది, డబ్బు నిలవలేదు

ఈ బడులు ఉండవచ్చునా అన్న ప్రశ్నే ఒకసారి కోర్టుకు ఎక్కింది. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత పరదేశీయుల మీద అనుమానము పెరిగినప్పుడు, నెబ్రాస్కా రాష్ట్రము 1919లో చిన్న పిల్లలకు విదేశీ భాషలు నేర్పడము నిషేధించింది. హ్యాంప్టన్ అనే చిన్న ఊరిలో లూథరన్ సంఘపు బడి ఉపాధ్యాయుడు రాబర్ట్ మేయర్ పదేళ్ళ పిల్లవానికి జర్మన్ చదివించినందుకు జరిమానా పడింది. 1923లో దేశపు సుప్రీము కోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పింది. ఆరెగన్ రాష్ట్రము 1922లో ఇంకొక అడుగు వేసి, పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్ళాలని ప్రజల ఓటుతో చట్టము చేసింది. దాని వెనుక కూ క్లక్స్ క్లాన్ ఉన్నది. యేసు మరియల పవిత్ర నామముల కన్యస్త్రీలు కోర్టుకు వెళ్ళారు. 1925 జూన్ 1న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవముగా ఆ చట్టమును కొట్టివేశారు. బిడ్డ కేవలము రాజ్యపు సొత్తు కాడన్నది ఆ తీర్పు సారము. లూథరన్ పంతులు గెలిచిన తీర్పు కన్యస్త్రీల తీర్పునకు మెట్టు అయినదని సంఘ ఐక్యతను గురించి మాట్లాడేవారు గమనించాలి.

హక్కు దొరికింది. పన్నుల డబ్బు దొరకలేదు. అయినా చిన్న ఊర్లలో ఫారిబో పద్ధతి చావలేదు. ఊరంతా కతోలికులే ఉన్నచోట, విచారణ బడే ఊరి ప్రభుత్వ బడిగా లెక్కలలోకి ఎక్కేది. మిస్సోరీ రాష్ట్రములో మెటా అనే ఊరిలో ఇటువంటి బడి మీద 1942లో ఆ రాష్ట్ర సుప్రీము కోర్టు, ఇది పేరుకే ప్రభుత్వ బడి అని తేల్చింది. న్యూ మెక్సికోలో డిక్సన్ అనే ఊరిలో మొదలైన వ్యాజ్యము 1951లో కన్యస్త్రీలను ప్రభుత్వ బడుల నుండి తప్పించింది. నార్త్ డకోటాలో 1948లో ప్రజల ఓటుతో, మఠ వస్త్రములతో ప్రభుత్వ బడిలో బోధించరాదన్నారు. పీఠాధిపతులు అనుమతి ఇవ్వగా కన్యస్త్రీలు మామూలు స్త్రీల దుస్తులు వేసుకొని మరునాడు అదే తరగతికి వెళ్ళారు. చట్టము వస్త్రమును ఆపగలిగింది, మనిషిని ఆపలేకపోయింది. అయితే ఇది గెలుపో ఓటమో మాకు ఇప్పటికీ తేలలేదు.

1960ల మధ్యలో కతోలిక బడులు శిఖరమునకు చేరాయి. ప్రాథమిక, హైస్కూళ్ళలో కలిపి 50 లక్షలకు పైగా విద్యార్థులు. దేశములో కన్యస్త్రీలు సుమారు 1,80,000 మంది. ఆ తరువాత పతనము అంత వేగముగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. 1964లోనే మేరీ పెర్కిన్స్ ర్యాన్ అనే గృహిణి, విచారణ బడుల మీద ఇంత శక్తి ఖర్చు చేయడము సరియైనదా, పెద్దల విశ్వాస శిక్షణ సంగతి ఏమిటి అని ఒక పుస్తకములో అడిగారు. గురువులనేకులు మండిపడ్డారు. ప్రశ్న మాత్రము మిగిలింది. రెండవ వాటికన్ సభ 1965 అక్టోబరు 28న విద్యను గురించి ప్రకటన వెలువరించింది, అందులో కతోలిక బడిని సమర్థించింది. కాని అదే సంవత్సరాలలో కన్యస్త్రీలు మఠములు విడిచిపోవడము, కొత్తవారు రాకపోవడము మొదలైంది. వారి స్థానములో గృహస్థులైన ఉపాధ్యాయులు వచ్చారు. వారికి కుటుంబమున్నది, కుటుంబమునకు సరిపోయే జీతము ఇవ్వాలి. ఆ జీతములో కొంత ప్రభుత్వము భరించే ఏర్పాటును సుప్రీము కోర్టు 1971లో లెమన్ వ్యాజ్యములో కొట్టివేసింది. నలభై, యాభై మంది విద్యార్థులున్న విచారణ హైస్కూలుకు అక్కడితో లెక్క కుదరలేదు. ఒకటి తరువాత ఒకటిగా మూతపడ్డాయి. కొన్ని పక్క ఊరి బడితో కలిశాయి. కొన్నిచోట్ల ప్రాథమిక తరగతులు మాత్రమే మిగిలాయి, పై అంతస్తు మళ్ళీ ఖాళీ అయింది.

మనవైపు చరిత్ర దీనికి తలక్రిందులుగా నడిచింది. 1854 నాటి వుడ్ తాఖీదు తరువాత మిషను బడులకు ప్రభుత్వ గ్రాంటు దొరికింది. బడి సంఘముది, జీతము ప్రభుత్వముది. 1950 రాజ్యాంగము 30వ అధికరణములో అల్పసంఖ్యాకులకు బడులు స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది, గ్రాంటు విషయములో వారిపట్ల భేదము చూపరాదన్నది. 28వ అధికరణములో, గ్రాంటు తీసుకునే బడిలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టరాదన్నది. ఫారిబోలో నిలవనిది ఇక్కడ వందేళ్ళకు పైగా నిలిచింది. ఎందువలన నిలిచింది? పాఠశాలకు వచ్చే పిల్లలలో ఎక్కువమంది క్రైస్తవేతరులు కావడము ఒక కారణమని మేము తలుస్తున్నాము. అమెరికాలో విచారణ బడి సొంత బిడ్డల కోసము. ఇక్కడ మిషను బడి ఊరి బిడ్డల కోసము. తన కొరకే అడిగినవానికి డబ్బు ఇవ్వడము వేరు, ఊరి కొరకు అడిగినవానికి ఇవ్వడము వేరు. కాని ఊరికోసము నడిచిన బడి, ఊరి పిల్లలు ఇంగ్లీషు మీడియము ప్రైవేటు బడులకు వెళ్ళిపోయిన నాడు, తన గ్రాంటును ఏ మాటతో కాపాడుకుంటుంది? 2021లో మనలను అడిగిన ప్రశ్న వెనుక ఈ ప్రశ్న ఉన్నది. దానికి జవాబు కోర్టు కాగితాలలో మాత్రమే వెదికితే దొరకదు.

అమెరికాలో ఫారిబో ప్రశ్న మళ్ళీ లేచింది. మెయిన్ రాష్ట్రములో సొంత హైస్కూలు లేని చిన్న ఊర్లు తమ పిల్లల ఫీజును వేరే బడులకు కట్టే పద్ధతి 1873 నుండి ఉన్నది. మత పాఠశాలలను దాని నుండి మినహాయించడము చెల్లదని సుప్రీము కోర్టు 2022 జూన్‌లో కార్సన్ వ్యాజ్యములో చెప్పింది. ఓక్లహోమాలో కతోలిక మేత్రాసనములు ఇంకా ముందుకు వెళ్ళి, పునీత ఇసిదోరు పేర ఆన్‌లైను పాఠశాలను ప్రభుత్వ చార్టర్ బడిగా నడపాలని తలపెట్టాయి. 2023లో రాష్ట్ర బోర్డు ఒప్పుకున్నది. 2024లో రాష్ట్ర సుప్రీము కోర్టు ఒప్పుకోలేదు. 2025 మే 22న దేశపు సుప్రీము కోర్టులో ఓట్లు నాలుగు, నాలుగుగా సమానముగా చీలాయి. ఒక న్యాయమూర్తి ఆ వ్యాజ్యములో పాల్గొనలేదు. సమానముగా చీలినప్పుడు క్రింది తీర్పే నిలుస్తుంది, అటువంటి తీర్పు ఇతర వ్యాజ్యాలను కట్టివేయదు. కాబట్టి ఆ బడి తెరుచుకోలేదు, ఆ ప్రశ్న మూసుకోనూ లేదు.